చెట్టుకు కత్తెర మేలు చేస్తుందా?

కొమ్మలు కత్తిరిస్తే చెట్టు బలపడుతుందన్న నమ్మకం లోకంలో స్థిరపడిపోయింది. జుట్టు కత్తిరిస్తే ఒత్తుగా పెరుగుతుందన్న నమ్మకానికి ఇది తోబుట్టువు వంటిది. అయితే అడవిలోని మద్ది, ఏగిస వృక్షాలు ఏ తోటమాలి కత్తెరకూ ఎదురుచూడవు. ఎండ సోకని కింది కొమ్మలను అవి తామే ఎండబెట్టి రాల్చివేస్తాయి. కనుక కత్తిరింపు వల్ల కలిగే మేలు ఎవరిదన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం.

దక్కను పీఠభూమిలో ద్రాక్ష రైతులు ఏటా రెండుసార్లు తీగలను కత్తిరిస్తారు. వేసవి కత్తిరింపు కొత్త రెమ్మల కొరకు, అక్టోబరు ప్రాంతపు కత్తిరింపు కాపు కొరకు. జామ పూత కొత్త చిగుళ్లపైనే వస్తుంది కాబట్టి దానికీ కత్తెర తప్పదు. కొన మొగ్గలో పుట్టే ఆక్సిన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొనను తుంచగానే ఆ అణచివేత తొలగి పక్క కొమ్మలు విజృంభిస్తాయి. తేయాకు మొక్కను వదిలివేస్తే అది చెట్టే అవుతుంది. చేతికి అందేలా నడుము ఎత్తున నిలిపినది మనిషి అవసరమే. వీటన్నింటిలో లాభం రైతుది. మొక్క మాత్రం పోయిన ఆకుల స్థానంలో కొత్తవి తొడగడానికి దాచుకున్న ఆహారాన్ని వ్యయం చేస్తుంది.

మనిషి గాయం మానినట్లు చెట్టు గాయం మానదు. దెబ్బతిన్న కణజాలం మరల బాగుపడదు. చెట్టు దాని చుట్టూ అడ్డుగోడలు కట్టి, పైన కొత్త కలపను, బెరడును పెంచి లోపలే మూసివేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో (1930-2006) వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి ఈ సంగతిని స్థాపించాడు. కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉండే పట్టును కోయరాదనీ, గాయానికి పూసే రంగులు కుళ్లును ఆపలేవనీ ఆయన వాదించాడు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రోగగ్రస్తమైన చెట్టును ముందు శస్త్రంతో శుభ్రపరచి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూయమన్నాడు. పూత మాట ఎట్లున్నా, రోగభాగాన్ని తొలగించమన్న సలహా నేటికీ చెల్లుతుంది.

చెట్టుకు నిజంగా ఉపకరించే కత్తిరింపులూ ఉన్నాయి. మామిడి కొమ్మపై బదనిక పాతుకొని నీటిని పీల్చుకుంటుంటే, ఆ కొమ్మను బదనిక మొదలుకు దిగువన కోయడం చెట్టును కాపాడడమే. లేత మొక్కలో పోటీపడి పెరుగుతున్న రెండు ప్రధాన కొమ్మలలో ఒకదానిని తీసివేస్తే, ముందుముందు మాను చీలే ప్రమాదం తగ్గుతుంది.

విద్యుత్ తీగల కింద చెట్ల తలలు నరికివేయడం మాత్రం వేరే కథ. ఆకలిగొన్న చెట్టు మోడు నిండా గుబురుగా రెమ్మలు వేస్తుంది. చూసేవారు దానినే ఆరోగ్యమనుకుంటారు! ఆ రెమ్మలు మానులో లోతుగా నాటుకొని పుట్టినవి కావు. పెద్దవైన కొద్దీ గాలికి విరిగిపడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో వేలాది చెట్లను కూల్చింది. అట్టి తుపాన్ల భయంతో తలలు నరికించడం, రానున్న గాలివానకు మరింత బలహీనమైన కొమ్మలను సిద్ధపరచడమే.

పెద్ద కొమ్మను కోయక తప్పనప్పుడు నిపుణులు మూడు కోతలు వేస్తారు. మానుకు జానెడు దూరంలో అడుగు నుండి సగం వరకు మొదటిది. దానికి కాస్త అవతల పైనుండి రెండవది. బరువంతా తెగిపడ్డాక, ఉబ్బెత్తు పట్టుకు వెలుపలగా మూడవది. మొదటి కోత లేకపోతే పడిపోయే కొమ్మ తనతోపాటు మాను బెరడును కూడా చీల్చుకుపోతుంది.