ఫెంగ్ షుయ్‌లో చతుర్జంతు సంకేతం – గృహాభిముఖ్య విచారం

చీనా దేశీయుల స్థలశాస్త్రమైన ‘ఫెంగ్ షుయ్’ని తెలుగులో ‘చీనా వాస్తు’ అని వ్యవహరించటం పరిపాటి అయినది. ‘ఫెంగ్’ అనగా గాలి, ‘షుయ్’ అనగా నీరు. పేరులో ఇల్లు గాని దిక్కు గాని లేవు. అయినప్పటికీ ఇది మన వాస్తుశాస్త్రానికి చీనా రూపమే అనే అభిప్రాయంతో, తూర్పు గోడకు నాగరూపాన్ని, ఉత్తరాన తాబేటి బొమ్మను ఉంచుమని చెప్పే పుస్తకాలు మన అంగళ్లలో విరివిగా లభిస్తున్నవి. ఈ సమీకరణాన్ని పరీక్షించటానికి ఒక్క విషయం చాలు. మన సంప్రదాయంలో నైరృతి ఉన్నతంగాను, ఈశాన్యం నిమ్నంగాను ఉండవలెను. దక్షిణపు పల్లం దోషం. ఫెంగ్ షుయ్ ఆదర్శంగా చెప్పే స్థలంలో ఉత్తరాన కొండ, దక్షిణాన నీరు. ఒకే గృహస్థు ఈ రెండింటిని పాటించటం ఎట్లా? అసాధ్యమని కొందరు, రెండూ ఒకటే గనుక ఏదో విధంగా పొసగునని మరికొందరు అంటారు. రెండు సమాధానాలూ తొందరపాటుతో కూడినవే. ఫెంగ్ షుయ్‌లోని జంతువులు దిక్కులకు పేర్లా, మరి దేనికైనా పేర్లా అన్నది ముందు తేలవలసి ఉన్నది.

జంతువులు నాలుగు. తూర్పున ‘చింగ్ లుంగ్’, అనగా నీలహరిత వర్ణం గల నాగం. దక్షిణాన ‘జూ చ్వే’, సిందూరవర్ణపు పక్షి. పశ్చిమాన ‘బై హూ’, తెల్ల పులి. ఉత్తరాన ‘శ్వెన్ వూ’, సర్పం పెనవేసుకొన్న నల్ల తాబేలు. క్రీ.పూ. 139 నాటి ‘హ్వైనాన్‌జు’ గ్రంథంలో ఈ నాలుగింటికి తోడు మధ్యస్థానానికి పసుపు నాగం కూడ చెప్పబడినది. కాష్ఠం, అగ్ని, మృత్తిక, లోహం, జలం అనే ఐదు తత్త్వాలకు ఇవి ప్రతినిధులు. ఈ ఐదింటిని మన పంచభూతాలని అనువదించటం సరికాదు. ఇందులో ఆకాశం లేదు, వాయువు లేదు. జంతువుల పేర్ల విషయంలోను ఇటువంటి జాగ్రత్త అవసరం. లుంగ్‌ను నాగమనటానికి ఒక ఆధారం ఉన్నది: బౌద్ధ గ్రంథాలను చీనాభాషలోకి తెచ్చిన అనువాదకులు సంస్కృతంలోని నాగశబ్దానికి లుంగ్ అనే మాటనే వాడినారు. కాని లుంగ్‌కు కాళ్లు, కొమ్ములు కలవు. జూ చ్వేను గరుత్మంతునితోను, శ్వెన్ వూను కూర్మావతారంతోను పోల్చటానికి ఆపాటి ఆధారం కూడ లేదు.

ఈ జంతువుల మొదటి నివాసం భూమి కాదు, ఆకాశం. చీనా జ్యోతిషంలోని 28 నక్షత్రస్థానాలు ఏడేసి చొప్పున నాలుగు భాగాలై, ఒక్కొక్క భాగం ఒక్కొక్క జంతువుగా భావింపబడినది. హూబే ప్రాంతంలోని స్వేజౌ వద్ద 1978లో త్రవ్విన జెంగ్ రాజ్యపు యీ ప్రభువు సమాధి క్రీ.పూ. 433 నాటిది. అందులో దొరికిన లక్కపూత పెట్టె మూతపై సప్తర్షి మండల సంకేతం చుట్టూ 28 స్థానాల పేర్లు, ఒక ప్రక్క నాగం, మరొక ప్రక్క పులి ఉన్నవి. మన నక్షత్రాలతో పోల్చి చూస్తే ఈ నాగశరీరం స్పష్టపడుతుంది. దాని కొమ్ము మన చిత్తా నక్షత్రం, హృదయం జ్యేష్ఠ, తోక మూల. వసంతకాలపు సాయంసమయాన తూర్పున ఉదయించేది ఈ నాగమే. ఆ వేళకు పులి పశ్చిమాన అస్తమిస్తూ ఉంటుంది. ఆ పులి నడుమ ఉన్న ‘మావో’ అనే స్థానం మన కృత్తిక.

ఇక్కడ మన పాఠకులు ఒక్క క్షణం ఆగవలెను. మన జ్యోతిష, వాస్తు గ్రంథాలలోను అభిజిత్తుతో కలిపి 28 నక్షత్రాలను దిక్కుకు ఏడు చొప్పున పంచే పద్ధతి ఉన్నది. అందులో కృత్తికాది సప్తకం తూర్పుది, మఘాది సప్తకం దక్షిణానిది, అనూరాధాది సప్తకం పశ్చిమానిది, ధనిష్ఠాది సప్తకం ఉత్తరానిది. అనగా మనవారు తూర్పున నిలిపిన కృత్తికను చీనావారు పశ్చిమాన నిలిపినారు. వారు తూర్పున నిలిపిన జ్యేష్ఠామూలలు మనకు పశ్చిమాన ఉన్నవి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరు ఏ వేళ ఆకాశాన్ని ప్రమాణంగా గ్రహించినారన్నదే భేదం. సంఖ్య 28 ఒకటే గనుక వ్యవస్థ ఒకటే అనే వాదం మాత్రం ఇక్కడ నిలువదు.

ఆకాశం నుండి ఈ జంతువులు కట్టడాలకు దిగి వచ్చిన తొలిదశలో అవి నిజంగా దిక్కులే. క్రీ.శ. 1వ శతాబ్ది ఆదిలో, వాంగ్ మాంగ్ కాలంలో, చాంగ్ ఆన్ నగరానికి దక్షిణంగా కట్టిన పూజామందిరాల చూరు పెంకులపై ఈ నాలుగు రూపాలు కనబడుతున్నవి. తాంగ్ వంశీయుల కాలంలో అదే నగరంలో రాజభవనపు ఉత్తరద్వారం పేరు శ్వెన్ వూ ద్వారం, క్రీ.శ. 626లో రాజకుమారుల మధ్య రక్తపాతం జరిగినది ఆ ద్వారం వద్దనే. బీజింగ్‌లో 1420లో పూర్తి అయిన రాజప్రాసాదపు ఉత్తరద్వారానికి కూడ మొదట అదే పేరు. కాంగ్ షీ చక్రవర్తి పేరు శ్వెన్ యే కావటం వలన ఆ అక్షరాన్ని ఉచ్చరించరాదని తరువాత దానిని ‘షెన్ వూ’ ద్వారంగా మార్చినారు. ప్రాసాదానికి వెనుక జింగ్ షాన్ అనే కొండ కందకపు మట్టితో పోసినది. ముందు ఆవరణలో బంగారునీటి కాలువ వంకరగా త్రవ్వినది. అనగా ప్రకృతి ఈయని తాబేటిని మనుష్యులే నిర్మించినారు.

అయితే ఈలోపల ఒక ముఖ్యమైన పరిణామం జరిగినది. గ్వో పూ (276–324) రచనగా ప్రసిద్ధమైన ‘జాంగ్ షూ’, అనగా సమాధిగ్రంథం, ఈ జంతువులను తూర్పు పడమరలతో గాక ఎడమ కుడులతోను, ముందు వెనుకలతోను చెప్పినది. గ్రంథకర్తృత్వం సందేహాస్పదమే గాని, తరువాతి ఫెంగ్ షుయ్ అంతటికి ఇదే మూలం. దీని ప్రకారం నాగం ఎడమ, పులి కుడి, పక్షి ముందు, తాబేలు వెనుక. ఇది మొదట మృతుల నివాసానికి చెప్పిన నియమం. జీవించి ఉన్నవారి ఇంటికి కూడ అదే వర్తించినది. వెనుక ఎత్తైన కొండ, రెండు ప్రక్కల చేతుల వంటి గుట్టలు, ముందు బయలు, ఆపైన నీరు: స్థూలంగా చెప్పవలెనంటే చేతుల కుర్చీలో కూర్చున్న మనిషి చుట్టూ ఉండే ఆకృతి. ఎడమ కుడులు ఇంటిలో నుండి బయటికి చూచేవానివే గాని, వాకిట నిలిచి ఇంటిని చూచేవానివి కావు. ఈ సూక్ష్మాన్ని విస్మరించిన పుస్తకాలు నాగాన్ని, పులిని తారుమారు చేస్తున్నవి.

దక్షిణముఖంగా ఉన్న ఇంటికి ఎడమ తూర్పు గనుక ఆకాశనాగం, గృహనాగం ఒకే చోట పడతవి. అందువలననే ఈ పరిణామం చాలమంది దృష్టికి రాలేదు. అది ఎంత పెద్ద మార్పో తెలియటానికి హెనాన్‌లోని పుయాంగ్ వద్ద 1987లో బయల్పడిన నవీనశిలాయుగపు సమాధి సాక్ష్యం. సుమారు ఆరువేల సంవత్సరాలకు పైబడిన ఆ సమాధిలో శవం దక్షిణ శిరస్సుగా వెల్లకిల పరుండి ఉన్నది. ఆల్చిప్పలతో పేర్చిన నాగం తూర్పున, పులి పశ్చిమాన ఉన్నవి. ఆ స్థితిలో తూర్పు అనగా శవానికి కుడిప్రక్క! వీటిని తరువాతి జంతువులతో ఏకీకరించటంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఏకీకరిస్తే మాత్రం, ఆనాటి నాగం దిక్కునే అనుసరించినదని, దేహాన్ని కాదని ఒప్పుకొనవలసి ఉంటుంది.

ఈ విషయం సంస్కృతజ్ఞులకు సులభంగా బోధపడుతుంది. మన దిక్కుల పేర్లే దేహాన్ని ఆశ్రయించినవి. పూర్వమనగా ముందుది, పశ్చిమమనగా వెనుకది, దక్షిణమనగా కుడి. ప్రాఙ్ముఖుడైన యజమాని ఈ పదాలలో నిలిచి ఉన్నాడు. ఉత్తరశబ్దం మాత్రం ఉన్నతార్థం నుండి వచ్చినది. చీనా భావనలో నిలిచినవాడు, కాదు, కూర్చున్నవాడు, దక్షిణాభిముఖుడైన రాజు. ఆ భాషలో దక్షిణాభిముఖంగా కూర్చొనటమంటేనే రాజ్యం చేయటం. మన పదాలు దేహం నుండి బయలుదేరి స్థిరమైన దిక్కులైనవి. వారి జంతువులు దిక్కుల నుండి బయలుదేరి దేహానికి చేరినవి. రెండు ప్రయాణాలు ఎదురెదురుగా సాగినవి గనుకనే ‘తూర్పు నాగం’ అన్న మాటను మన తూర్పుతో అతికించినప్పుడు అర్థం చెడుతున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. తూర్పుముఖంగా ఉన్న ఇంటికి నాగస్థానం ఉత్తరం, తాబేటి స్థానం పశ్చిమం. అటువంటి ఇంట తూర్పు గోడకు నాగచిత్రం తగిలించటం, ఈ సంప్రదాయం దృష్టిలో, పక్షి స్థానంలో నాగాన్ని ఉంచటమే. ఉత్తరముఖంగా ఉండి, దక్షిణాన కొండ, ఉత్తరాన నీరు గల ఇంటికి తాబేలు దక్షిణాన అమరుతుంది. మన వాస్తుకు కూడ అక్కడ ఆక్షేపణ ఉండదు. అనగా విరోధం స్థలాన్ని బట్టి కలుగుతున్నదే గాని సర్వత్రా లేదు. ఉన్నచోట మాత్రం దానిని దాచటం అనవసరం. బీజింగ్‌లోని నాలుగువైపుల గృహాలలో ప్రధాన గృహం దక్షిణాభిముఖం, వీధిద్వారం సాధారణంగా ఆగ్నేయ మూల. మన వాస్తువేత్తలు దానిని అంగీకరించరు. సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఆ నగరంలో శీతకాలంలో అత్యల్ప పగలు గల దినాన మధ్యాహ్న సూర్యుడు 27 డిగ్రీల ఎత్తుకు మించడు. ఉత్తరపు చలిగాలికి వీపు చూపి, ఎండకు ముఖం చూపటం అక్కడ ప్రాణావసరం. విజయవాడలో జూన్ మాసపు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు.

మరొక గందరగోళం పన్నెండు జంతువుల వలన కలుగుతున్నది. ‘ల్వోపాన్’ అనే దిక్సూచి ఫలకంపై 15 డిగ్రీల చొప్పున 24 విభాగాలు ఉన్నవి. వాటిలో పన్నెండు విభాగాల సంకేతాలకు ఎలుక మొదలైన జంతువులు అధిపతులు. ఎలుక ఉత్తరం, కుందేలు తూర్పు, గుర్రం దక్షిణం, కోడిపుంజు పశ్చిమం. బీజింగ్ ప్రాసాదపు దక్షిణద్వారమైన ‘వూ మెన్’లోని వూ ఈ గుర్రపు స్థానమే, శ్వెన్ వూలోని వూ వేరొక అక్షరం. ఈ చక్రంలో పులి ఈశాన్యపు తూర్పు భాగాన, 60 డిగ్రీల వద్ద ఉన్నది. పశ్చిమపు తెల్ల పులితో దానికి సంబంధం లేదు.

మన వాస్తులో జంతువులు లేవా అని అడుగవచ్చును. ఉన్నవి, ఆయాలు అవే. ధ్వజం, ధూమం, సింహం, శ్వానం, వృషభం, ఖరం, గజం, కాకం అని ఎనిమిది, తూర్పు మొదలు ఈశాన్యం వరకు. బేసివైన ధ్వజ, సింహ, వృష, గజాయాలు శుభాలు. ఇవి నాలుగు ప్రధాన దిక్కులవి. క్షేత్రఫలాన్ని 8తో భాగించి శేషాన్ని గ్రహించటం ఒక పద్ధతి. 9తో గుణించి 8తో భాగించటం మరొకటి; శేషం రెండింట ఒకటే గనుక గుణకారం వలన ఆయం మారదు. 15 హస్తాల పొడవు, 13 హస్తాల వెడల్పు గల క్షేత్రం 195. శేషం 3, సింహం. 14కు 14 అయితే 196. శేషం 4, శ్వానం. ఈ సింహం కొండను గాని వాగును గాని చూచి పుట్టినది కాదు. కొలత నుండి పుట్టినది. ఒక్క హస్తం అటు ఇటు జరిపితే జంతువు మారుతుంది.

ఫెంగ్ షుయ్ పులి అట్లా మారదు, నేల మారవలసిందే. నేల మారని చోట ఏమి చేయవలెనన్న ప్రశ్నకు జపాను దేశంలో వెలువడిన 11వ శతాబ్ది ఉద్యానశాస్త్ర గ్రంథం ‘సకుతేయికి’ సమాధానం చెప్పినది. ఇంటికి తూర్పున ప్రవహించే నీరు నాగం, పశ్చిమాన పెద్ద బాట పులి, దక్షిణాన కొలను పక్షి, ఉత్తరాన గుట్ట తాబేలు. నీరు లేకపోతే తొమ్మిది విల్లో చెట్లు, బాట లేకపోతే ఏడు కటాల్పా చెట్లు, కొలను లేకపోతే తొమ్మిది కట్సురా చెట్లు, గుట్ట లేకపోతే మూడు సైప్రస్ చెట్లు నాటుమన్నది. బొమ్మల ప్రసక్తి అందులో లేదు.