చేపలతొట్టి నీరు మార్చు విధము

తొట్టినీరు మురికియైనదని అంతయు పారబోసి కుళాయినీరు నింపగా, మరునాటికే చేపలు చనిపోవుటను మనము తరచు చూచుచున్నాము. కారణమేమి?

చేపల విసర్జనమునుండి అమ్మోనియా యను విషము పుట్టును. గులకరాళ్లపై నుండు సూక్ష్మజీవులు దానిని క్రమముగా హాని తక్కువగల నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు పేరుకొనకుండుటకే నీరు మార్చుట. బళ్లారికి వచ్చు తుంగభద్ర నీటిని శుద్ధిచేయుటకు కలుపు క్లోరిన్ మనకు రక్షయైనను, చేపల మొప్పలను దహించును. ఆ సూక్ష్మజీవులను గూడ చంపును. వేసవిలో మిద్దెపై ట్యాంకునీటి వేడిమికిని చేపలు తాళలేవు.

కావున మనము వారమున కొకసారి నాల్గవవంతు నీటినే మార్చుదము. క్రొత్తనీటిని వెడల్పాటి పాత్రలో ఒక దినము నీడయందుంచిన క్లోరిన్ చాలవరకు గాలిలో కలిసిపోవును, వేడిమియు తగ్గును. ముందుగా విద్యుత్తు నాపి, ఆ నీటిని మెల్లగా పోయుదము. గులకరాళ్లను తొట్టినుండి తీసిన నీటితోనే కడుగుదము. ఆ నీరు పిదప మొక్కలకు మేలుచేయును. మన కరవుసీమలో చుక్కయు వ్యర్థము కారాదు.