ముందు షెడ్డు లెక్క.. తర్వాతే బండి!

ఇంటిల్లిపాదీ ఒకే బండిలో శ్రీశైలం వెళ్లాలి.. దారిలో వండుకోవాలి, రాత్రికి అందులోనే పడుకోవాలి. క్యారవాన్ మీద మోజు పుట్టించేది ఈ ఊహే. యాత్ర సరే.. తిరిగొచ్చాక బండి ఎక్కడ పెట్టాలి? ఛత్రినాక లాంటి పాతబస్తీ బస్తీల్లో అసలు చిక్కు అదే. గల్లీలో వదిలేస్తే ఇరుగుపొరుగుతో పేచీ. పక్కనే లాల్‌దర్వాజా బోనాలొస్తే కదపడం కష్టం. ఇక వాన సంగతి సరేసరి. 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీ వీధుల్లో వాహనాలు కొట్టుకుపోవడం నగరమంతా చూసింది.

అందుకే బండికి బయానా ఇచ్చేముందే టేపు పట్టుకోవాలి.

గల్లీ మలుపు: అంతే పొడవున్న వ్యాన్‌ను ఒక పూట అద్దెకు తెచ్చి ఇంటి గేటు దాకా నడిపి చూడాలి. మలుపు తిరగకపోయినా, కరెంటు తీగలు తగిలినా ఆలోచన అక్కడితో ఆపేయొచ్చు.

స్థలం: బండి పొడవు 20 అడుగులు, వెడల్పు ఆరున్నర అనుకుందాం. తలుపులు తీయడానికి, చుట్టూ తిరగడానికి వీలుండాలంటే షెడ్డు 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కావాలి. ఎత్తు కొలిచేటప్పుడు పైనున్న ఏసీని మరవొద్దు.

నేల: వాన నీరు రాకుండా అడుగు ఎత్తు లేపితే, బండి అడుగుభాగం రాసుకోకుండా ఎక్కేందుకు 8 అడుగుల ర్యాంపు అవసరం. అది గల్లీలోకి రాకూడదు. అంటే మొత్తం పొడవు 32 అడుగులు.. దాదాపు 43 గజాలు! అరవై గజాల ఇంట్లో మనుషులకు మిగిలేదెంత?

ఖర్చు: ఆరంగుళాల మందం నేలకే సుమారు 33 బస్తాల సిమెంటు పడుతుంది. ఇనుప స్తంభాలు, పైరేకులు, గేటు, వైరింగు, కూలీ విడివిడిగా రాసుకుని, మొత్తం మీద పదోవంతు అదనంగా ఉంచుకోవాలి. పైకప్పులో పొదుపు చేసినా ఫర్వాలేదు, నేల విషయంలో మాత్రం వద్దు. ఇంటిచుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలో షెడ్డు వేస్తే కూల్చివేత నోటీసు రావచ్చు. నగరపాలక సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి.

చివరగా ఒక లెక్క. బండి నెల వాయిదాలు, బీమా, షెడ్డు ఖర్చు కలిపి ఏడాదికి చేసే యాత్రలతో భాగించి చూడాలి. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలే అయితే అద్దె బండే మేలు. గజాల స్థలం పిల్లల ఆటకైనా మిగులుతుంది!