చివరి ఆయకట్టు చెప్పే రాజనీతి

భయపెట్టే అధికారం ఒకటి పైన లేకపోతే సేద్యం, వ్యాపారం, విద్య ఏవీ నిలవవని 1651లో థామస్ హాబ్స్ ‘లెవయథాన్’ గ్రంథంలో వాదించాడు. అంతర్యుద్ధంతో ఇంగ్లండు అట్టుడికిన కాలమది. ప్రాణం దక్కాలంటే ఏలికకు లోబడక తప్పదన్నది ఆయన నిర్ణయం. అది ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి పంటకాలువను మించిన ప్రయోగశాల లేదు. నీరు పరిమితం. ఎగువ రైతు మడవ తెరిచే ఉంచితే దిగువ రైతు పైరు ఎండుతుంది. హాబ్స్ మాటే నిజమైతే, పైనుంచి అదుపు చేసేవారు లేని చోట నీటి కోసం తలలు పగలాలి.

కర్నూలు జిల్లా పల్లెల్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు చూసింది వేరు. 1988లో వెలువడిన ఆయన ‘విలేజ్ రిపబ్లిక్స్’ పుస్తకంలో ఆ వివరాలున్నాయి. కాలువ చివర, నీటికి కటకటలాడే ఊళ్లలో రైతులే ఒక పెద్దల సభను ఏర్పరచుకున్నారు. అది చట్టం ప్రకారం ఎన్నికైన పంచాయతీ కాదు. ఆ సభ నీరుగంట్లను నియమించి మడులకు నీరు పంచేది. పైరుకు కావలివాళ్లను పెట్టి, చేలో పడిన పశువుల యజమానులకు జరిమానా వేసేది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలను మేపుకునే హక్కును వేలం వేసి నిధి కూడబెట్టేది. ఎగువన నీరు పుష్కలంగా అందే ఊళ్లలో ఇలాంటి ఏర్పాటు అరుదు. నా దృష్టిలో ఈ తేడాయే అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. మనుషుల స్వభావం రెండు చోట్లా ఒకటే. కలిసి నడవకపోతే వచ్చే నష్టంలోనే తేడా ఉంది.

మరి ఆ సభ మాట రైతు ఎందుకు వినాలి? తత్త్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1955లో చెప్పిన సూత్రం ఇక్కడ చక్కగా అతుకుతుంది. పదిమంది ఒక నియమానికి కట్టుబడినందువల్ల మేలు పొందినవాడు, తన వంతు వచ్చినప్పుడు తానూ కట్టుబడాలి. ఈ లెక్కన రైతు రుణపడింది తోటి రైతుకే.

అంతమాత్రాన ప్రభుత్వం అక్కర్లేదనలేం. నీరుగంటి అధికారం ఊరి పొలిమేర దాటదు. ముఖపరిచయమైనా లేని ఎగువ రైతు నీటిని మళ్లించుకుంటే ఈ సభ ఏం చేయగలదు? కాలువకు నీరు వదిలేదీ నీటిపారుదల శాఖే. ఉమ్మడి వనరులపై కృషికి 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా, పెద్ద వ్యవస్థల్లో నిర్వహణ అంచెలంచెలుగా సాగాలనీ, స్థానికుల నియమాలను ప్రభుత్వం గుర్తించాలనీ అన్నారు.

1997లో ఆంధ్రప్రదేశ్ ఆ పని చట్టంతోనే చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. అయితే ఓటు భూయజమానికి, రికార్డుకెక్కిన కౌలుదారుకు మాత్రమే దక్కింది. నోటిమాట మీద కౌలు చేసే రైతు అదే నీటితో మడి తడుపుకుంటాడు, అదే వంతుకు కట్టుబడతాడు. ఆ వంతును నిర్ణయించే సభలో అతనికి చోటు లేదు. హార్ట్ సూత్రం ప్రకారం అతను కట్టుబడి ఉండాల్సిందే. నియమం చేసేటప్పుడు అతని మాట ఎవరు వినాలో ఆ సూత్రం చెప్పదు.