అయిదుగురు జపాను గాయనీమణులు

గృహభారము పైఁబడఁగనే వీణను మూలనుంచిన వారు మనలో ననేకులు కలరు. మూలఁబడిన విద్య మరల నక్కఱకు వచ్చునా యని సందేహించువారికి జపానుదేశపు యువతులు అయిదుగురి చరిత్రమును విన్నవింతుము.

1983వ సంవత్సరమున టోకియోలో నొక సంస్థవారు స్త్రీల రాక్ సంగీతబృందము నేర్పఱుపఁదలఁచి, పరీక్షలు జరిపి అయిదుగురు కన్యలను ఎన్నుకొనిరి. ఒకుయి కవొరి గాయని. నకయామ కనకొ గిటారును, వతనబె అత్సుకొ బేస్ గిటారును, కొన్నొ తొమొకొ కీబోర్డును, తొమిత క్యోకొ డ్రమ్ములను వాయించువారు. వారి మొదటిపేరు 'అకసక కొమాచి'. అకసక టోకియోలోని యొక పేట. కొమాచి పూర్వకాలపు కవయిత్రి, ఆమె పేరు సుందరికిఁ బర్యాయమైనది. ఆ పేరుతో వారికిఁ గీర్తి రాలేదు. 1986లో 'ప్రిన్సెస్ ప్రిన్సెస్' అను పేర మరల బయలుదేఱిరి.

వారి ప్రఖ్యాతగీతములు వారు స్వయముగా రచించుకొన్నవే. 'డైమండ్స్' అను పాటకుఁ గనకొ పదములు గూర్పఁగాఁ గవొరి స్వరము కట్టెను. డ్రమ్ములు వాయించు క్యోకొ తన ప్రణయవియోగమునే 'ఎమ్' అను పాటగా వ్రాసెను. 1989లో బుడోకాన్ మండపమునఁ గచేరి చేసిరి. స్త్రీల రాక్ బృంద మచట స్వతంత్రముగాఁ గచేరి చేయుట అదియే ప్రథమము. ఆ యేఁట జపానులో మిక్కిలిగా నమ్ముడైన పాట 'డైమండ్స్'.

1996 మే 31వ తేదీన బృందమును ముగించి యెవరి దారిని వారు పోయిరి. కవొరి వివాహమాడి, యొంటరిగాఁ బాడుచు, కాలక్రమమునఁ గిషితాని కవొరి యయ్యెను. అత్సుకొ సంగీతవిద్యాలయమున బోధనమునకుఁ బూనుకొనెను.

2011 మార్చి 11వ తేదీన భూకంపమును, సముద్రపుటుప్పెనయు ఈశాన్య జపానును ముంచివేసెను. బాధితులకుఁ దామేమి చేయఁగలమని యోచించి, ఆ యేవురు పదునాఱేండ్ల యనంతరము 2012లో ఆ యొక్క యేఁటికై మరలఁ గూడిరి. వాడుక తప్పిన వ్రేళ్లను మరల సాధనకుఁ దెచ్చి, సెండాయి, టోకియో నగరములలోఁ గచేరీలు చేసిరి. వచ్చిన ధనము 50 కోట్ల యెన్నులకు మించినది. అంతయు బాధితుల నిమిత్త మొసంగిరి. అందుఁ గొంత సెండాయిలో సంగీతమండప నిర్మాణమునకు వినియోగమయ్యెను. 2016లో ఆ మండపము తెఱవఁబడినప్పు డచటఁ బాడినవారును వీరే.

ఇది వ్రాయుచుండఁగా మా దృష్టి గవిసెనలోనున్న మా వీణపైఁ బడినది. తంత్రులు తుప్పుపట్టినవి. రేపే క్రొత్తవి తెప్పింతుము.