ప్రీసింక్టు శబ్దార్థవిచారము

అమెరికాదేశపు వార్తలలో ప్రీసింక్టు అను ఆంగ్లపదము తఱచుగాఁ గానవచ్చుచుండును. ఒక పోలీసుశాఖ యధికారమునకు లోఁబడిన ప్రాంతమునకును, ఒకచోట వోటు వేయవలసినవారు నివసించు ప్రాంతమునకును ఆ యొక్కపదమే చెల్లుచున్నది. మూలార్థము ననుసరించి దీనిని ఆవరణమనియో, ప్రాకారమనియో, ప్రాంగణమనియో తెనిఁగించుట సులభము. ఆ మాటలు దేవాలయవిషయమునఁ జక్కఁగా నొప్పును గాని, పోలీసువార్తయందుఁ బెట్టినచో వాక్యార్థమే చెడును. కావున నీశబ్దము పుట్టుకయు, దేశభేదముచే దీనికిఁ గలిగిన యర్థభేదమును, తెలుఁగున దీనిని వాడవలసిన తెఱఁగును విచారింపఁదగియున్నవి.

లాటిను భాషలో 'ప్రే' యనఁగా ముందు. 'కింగెరే' యనఁగాఁ జుట్టుట, నడికట్టు కట్టుట. ఆ రెంటి కలయికచే నేర్పడిన పదమునకుఁ జుట్టును గట్టఁబడినది యని యవయవార్థము. సంస్కృతమున పరిధి, పరిఖ, పరివేషము అను పదములలోని 'పరి' యను నుపసర్గము తెలుపు భావ మిట్టిదే. తొలుత నెల్లగట్టఁబడిన స్థలమునకు, ముఖ్యముగాఁ గ్రైస్తవాలయముల చుట్టునుగల భూమికి, ఈపేరు చెల్లినది. బ్రిటనునందు నేఁటికిని ఆయర్థమే ప్రధానము; బండ్లు పోరాని యంగళ్లవీథులకును అచ్చట నీపేరు కలదు. వోటర్లకై చేసిన విభాగమును బ్రిటనువారు పోలింగు డిస్ట్రిక్టు అందురే కాని ప్రీసింక్టు అనరు.

అమెరికాలోనైనను నగరనగరమునకు వ్యవహారము వేఱు. న్యూయార్కునందు ప్రీసింక్టు పోలీసువారిది. వోటర్ల విభాగమునకు ఎలక్షను డిస్ట్రిక్టు అని పేరు. షికాగోయందు దీనికి విపరీతము: ఆనగరము 50 వార్డులుగాను, ఒక్కొక్క వార్డు ప్రీసింక్టులుగాను భాగింపఁబడినది, ఇవి వోటర్లకొఱకు. అచ్చటి పోలీసు విభాగములు డిస్ట్రిక్టులు. సియాటిలునందును, మినియాపొలిసునందును రెండర్థములును గలవు.

ఒకశబ్దమునకుఁ బెక్కర్థము లుండుట శాస్త్రజ్ఞులకుఁ గ్రొత్త గాదు. సైంధవమును దెమ్మని భోజనకాలమున నన్నచో నుప్పును, ప్రయాణకాలమున నన్నచో గుఱ్ఱమును దెత్తురు. అచ్చట నర్థమును నిర్ణయించునది ప్రకరణమే. ప్రీసింక్టు విషయమునను న్యాయ మదియే. అయితే పోలీసర్థములోనే మఱియొక భేదము కలదు: ప్రాంతమునకుఁ జెప్పినపేరు ఆప్రాంతమునేలు కార్యాలయపు భవనమునకును జెల్లును. 2020 మే 25న మినియాపొలిసునందు జార్జి ఫ్లాయిడు పోలీసులచేత మరణించిన పిమ్మట, మే 28 రాత్రి యచ్చటి మూఁడవ ప్రీసింక్టునకు నిప్పు పెట్టిరి. కాలినది పోలీసు భవనము. దీనినే 'మూఁడవ పోలీసుప్రాంతము దగ్ధమైనది' యని తెనిఁగించినచో, పురభాగమంతయుఁ గాలిపోయెనని చదువరి తలంచును. ఒక్కపదమునందలి పొరపాటు చరిత్రనే తప్పుగాఁ జెప్పించును.

ఇట్టి ద్వ్యర్థము మనదేశపు శాసనములందును గలదు. 1973 నాఁటి క్రిమినలు ప్రొసీజరు కోడులో పోలీసుస్టేషను అను మాటకు ప్రభుత్వము ప్రకటించిన స్థానమనియు, ప్రభుత్వము నిర్దేశించిన స్థానికప్రాంతమును అందుఁ జేరుననియు నిర్వచనము. 2024 జులై 1న దానికి బదులుగా నమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయందును నిర్వచన మిట్టిదే. కాఁబట్టి పోలీసర్థమున ప్రీసింక్టునకుఁ గ్రొత్తపదమును గల్పింపఁ బనిలేదు. సంస్కృత 'స్థాన' శబ్దమునకుఁ బ్రాకృతమున 'ఠాణ' యని రూపము. హిందూస్తానీ ద్వారమున ఠాణా తెలుఁగునకు వచ్చినది. భవనమైనచో ఠాణా యనియో పోలీసుస్టేషను అనియో, ప్రాంతమైనచో ఠాణా పరిధి యనియు వ్రాయునది. పరిధి యన్నందున లాటిను మూలార్థమును నిలుచును.

వోటర్ల విషయమునను మనకుఁ బదదారిద్ర్యము లేదు. 1951 నాఁటి ప్రజాప్రాతినిధ్య శాసనము పోలింగుస్టేషనును, అది యేప్రాంతమునకై యేర్పడినదో ఆ పోలింగుప్రాంతమును వేఱువేఱుగాఁ బేర్కొనుచున్నది. ప్రీసింక్టునకుఁ దగినది రెండవది. మొదటిది వోటువేయు చోటు మాత్రమే.

పదమునకుఁ బదము చొప్పునఁ దెనిఁగించుటలోని ప్రమాదమునకు సర్కిలు శబ్ద ముదాహరణము. సర్కిలు, మండలము అను రెండింటికిని వృత్తమనియే యర్థము. కాని 1985లో ఆంధ్రప్రదేశమున మండలము లేర్పడినది మొదలు మండలము రెవెన్యూ విభాగము. సర్కిలు ఇన్‌స్పెక్టరు నధికారమునకు లోఁబడిన పోలీసు విభాగము. ఒకదానికి మఱియొకటి వ్రాసినచో నధికారియే మాఱిపోవును. అట్లే న్యూయార్కు ఎలక్షను డిస్ట్రిక్టును ఎన్నికల జిల్లా యనరాదు. అది జిల్లా యంతటిది కాదు, కొన్ని వీథుల మాత్రమే.

మూలపదమునే యుంచవలసివచ్చినచో వ్యాకరణము నారయవలయును. ఆంగ్లమున హలంతమైన యీపదము తెలుఁగున నుకారాంతమై ప్రీసింక్టు అగును, బహువచనము ప్రీసింక్టులు. తత్సమము గానందున ముగాగమము గూడదు. సంస్కృతపదముతో సంధియుఁ గూడదు. జిల్లాధికారి యనునది వ్యవహారముచే స్థిరపడినది. దానినిఁ జూచి ప్రీసింక్టాధికారి యనుట యసాధువు, ఏలయన నుకారమున కకారము పరమగునపుడు సవర్ణదీర్ఘము ప్రాప్తింపదు. యణాదేశము చేసి ప్రీసింక్ట్వధికారి యన్నచో వినువారికి నవ్వు వచ్చును. తెలుఁగుసంధి చేసి ప్రీసింక్టధికారి యన్నచోఁ బదము మఱుఁగుపడును. కావున విసంధిగా ప్రీసింక్టు అధికారి యని వ్రాయుటయే మేలు.

కాఁగా, ప్రకరణ మేది యని మొదటఁ జూడవలయును: భవనమైనచో ఠాణా, పోలీసుప్రాంతమైనచో ఠాణా పరిధి, వోటర్లదైనచో పోలింగుప్రాంతము. ఒక నగరమునకుఁ బ్రత్యేకమైన సంజ్ఞగా వచ్చినప్పుడు మాత్రము ప్రీసింక్టు అనియే వ్రాసి, తొలిప్రయోగమున దాని యర్థమును జెప్పునది. అన్యదేశ్యమును గ్రహించుట భాషకు లోపము గాదు. అర్థ మెఱుంగక గ్రహించుటయు, ఎఱుంగక విడుచుటయు లోపములు.