ఎఱుపు తగ్గించు చుక్కలు

మా ఆరోగ్య ప్రసంగములకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న మాటలు మార్చుకొని మరల మరల వచ్చుచుండును. “తాతగారికి శుక్లముల శస్త్రచికిత్స అయినప్పుడు ఇచ్చిన చుక్కలు సగము సీసా మిగిలియున్నవి. ఇప్పుడు పిల్లవానికి కన్ను ఎఱ్ఱబడినది. అవే వేయవచ్చునా?” ఇట్లు అడుగువారు కొందఱు. ముందే వేసి, పూట తిరుగకుండ గుణము కనబడినదని సంతోషముతో వ్రాయువారు మఱికొందఱు. ఈ రెండవవారి సంతోషమే మాకు ఎక్కువ కలవరము కలిగించుచున్నది.

మేము వైద్యులము కాము. నేత్రవైద్యులను మైకు ముందు కూర్చుండబెట్టి, ఇండ్లలో తలయెత్తు సందేహములను వారి ముందుంచి, వారు చెప్పినదానిని శ్రోతలకు అందజేయుట మా పని. అట్లు మేము తెలిసికొన్నదానిలో కుటుంబమునకు అక్కరకు వచ్చునంత ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆ మిగిలిన సీసాలో ఉండునది చాల తఱచుగా స్టిరాయిడ్ జాతి మందు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అను పేర్లలో ఏదో యొకటి దానిమీద చిన్న అక్షరములతో అచ్చువేసి యుండును. మన మూత్రపిండములపైన టోపీలవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులు స్రవించు రసమునకు ఇవి దగ్గఱి చుట్టములు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముతో కదలలేకయున్న ఒక యువతికి కార్టిసోన్ ఇచ్చి చూడగా, ఆమె కొలది దినములలోనే లేచి నడువగలిగినది. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించినది. ఇంచుమించు ఆ కాలముననే ఈ మందు కంటి వైద్యమునకును వచ్చి, అంతకుముందు చూపును హరించుచుండిన కొన్ని వాపులను అదుపులోనికి తెచ్చినది. కనుక దీనిని చెడ్డమందని భయపడుట ఎంతమాత్రము తగదు. ఇది ఏమి చేయునో, ఏమి చేయదో ఎఱుగకుండ వాడుటయే భయపడవలసిన విషయము.

కన్ను ఎఱ్ఱబడుట రోగము కాదు. రోగమునకు శరీరము ఇచ్చు జవాబు. సూక్ష్మక్రిమి యొకటి ప్రవేశించినను, ధూళి పడినను, పుప్పొడి సరిపడకున్నను, కంటిలోని సన్నని రక్తనాళములు ఉబ్బి, రక్తములోని రక్షక కణములు అచ్చటికి పరుగెత్తుకొని వచ్చును. ఎఱుపు, వేడి, నీరు, నొప్పి అన్నియు ఆ హడావిడిలోనివే. ఇంటిలో దొంగ పడినప్పుడు కుక్క మొఱుగును గదా! స్టిరాయిడ్ చుక్క ఆ కుక్క నోరు కట్టును. ఇల్లు నిశ్శబ్దమగును, దొంగ మాత్రము లోపలనే యుండును. ఇక కొన్ని సమయములందు దొంగయే ఉండడు, కుక్క వెఱ్ఱెత్తి ఇంటివారినే కఱచుచుండును. అప్పుడు నోరు కట్టుటయే సరియైన వైద్యము. కన్ను ఎఱ్ఱబడినప్పుడు ఈ రెండింటిలో ఏది జరుగుచున్నదో బయటినుండి చూచిన తల్లిదండ్రులకు గాని, మందులషాపువానికి గాని తెలియదు. స్లిట్ లాంప్ అను యంత్రము ముందు గడ్డము ఆనించి కూర్చుండబెట్టి, కంటిని పెద్దదిగా చేసి చూచిన వైద్యునికే తెలియును.

అట్లు చూచి వైద్యుడు వ్రాయు సందర్భములు అనేకములు కలవు. శుక్లముల శస్త్రచికిత్స తరువాత నాలుగు నుండి ఆఱు వారములు ఈ చుక్కలు వేయుట మామూలు. కంటిపాప చుట్టునుండు రంగుతెరకు వాపు వచ్చినప్పుడు, అనగా ఐరైటిస్ అను వ్యాధిలో, ఈ మందు లేకున్న ఆ తెర వెనుకనున్న కటకమునకు అతుకుకొనిపోవు ప్రమాదము గలదు. పైపొరలలో వచ్చు తేలికపాటి వాపులకు, మందుల అలర్జీలకు, కొలదిదినములు తక్కువ బలముగల స్టిరాయిడును వైద్యులు వాడుదురు. ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అట్టివి. ఇవి కంటిలోని ఒత్తిడిని తక్కువగా పెంచును. బొత్తిగా పెంచవని మాత్రము అనుకొనరాదు.

ఇక దొంగ లోపలనున్న సందర్భములు చూడుడు. పెదవులమీద జ్వరపు పొక్కులు లేపు హెర్పిస్ అను వైరసు కంటిలోని నల్లగ్రుడ్డుపై నున్న అద్దమువంటి పొరను, వైద్యులు కార్నియా అని పిలుచుదానిని, పట్టుకొనుట కలదు. నారింజరంగు ఫ్లోరెసిన్ మందు తాకించి నీలపు వెలుతురులో చూచినచో ఆకులు రాలిన చెట్టు కొమ్మలవలె పచ్చగా మెఱయు పుండు కనబడును. ఆరంభములో ఇది మామూలు ఎఱుపువలెనే యుండును. దీనికి వైరసు మందు లేకుండ స్టిరాయిడ్ ఒక్కటే వేసినచో ఆ సన్నని కొమ్మలు విస్తరించి పెద్ద పుండగును.

పల్లెలలో దీనికంటె తఱచైనది బూజుజాతి క్రిములవలన వచ్చు పుండు. కోతలలో వరియాకు గీచుకొన్నను, నూర్పిడిలో ఊక ఎగిరి పడినను, చెఱకుతోటలో ఆకు తగిలినను కార్నియా పైపొర చెదరి, ఫుసేరియం, ఆస్పర్జిల్లస్ వంటి ఫంగసులు అందులో నాటుకొనును. రైతు మొదట దానిని లెక్కచేయడు. రెండవనాడు ఎవరో ఇచ్చిన చుక్క వేయగా నొప్పి కొంత తగ్గును. వారము తిరుగునప్పటికి నల్లగ్రుడ్డుమీద తెల్లని మచ్చ బయలుదేఱును. ఈ పుండ్లకు స్టిరాయిడ్ ఎరువు వంటిది. చెట్టు, చేను, గింజ, మట్టి, వీటిలో ఏది కంటికి తగిలినను స్టిరాయిడ్ చుక్క దగ్గఱకు రానీయరాదని నేత్రవైద్యులు గట్టిగా చెప్పుదురు.

కండ్లకలక మాట కూడ చెప్పవలసియున్నది. 2023 వర్షకాలమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమున అనేక ప్రాంతములలో అది ఇల్లిల్లు తిరిగినది. అది వైరసుల వలన వచ్చినప్పుడు ఒకటి నుండి మూడు వారములలో దానంతట అది తగ్గును. చల్లని తడిగుడ్డ, శుభ్రత, ఓర్పు చాలును. స్టిరాయిడ్ వేసినచో ఎఱుపు తగ్గవచ్చును గాని వైరసు కంటిలో మఱికొన్నాళ్లు నిలిచి, ఆ యింటివారికి అంటుకొను అవకాశము పెరుగును. మన ఇండ్లలో మూసిన కండ్లమీద నందివర్ధనపు పూలు ఒత్తుకొను వాడుక ఉన్నది; చల్లదనమునకు పైన పెట్టుకొన్న ఆ పూలవలన మాకు భయములేదు. ఆకుపసరులు, చనుబాలు కంటిలో పోయుట మాత్రము మానవలెను.

ఇంతవఱకు చెప్పినవి కనబడు ప్రమాదములు. కనబడనిది కంటిలోని ఒత్తిడి. కంటిలో ఎల్లప్పుడు పలుచని నీరు ఊరుచుండును. జల్లెడవంటి సన్నని మార్గముగుండ వెలుపలికి పోవుచుండును. ఊరునదియు పోవునదియు సమానముగ నున్నంతకాలము ఒత్తిడి పాదరసమట్టములో 10 నుండి 21 మిల్లీమీటర్ల లోపల నుండును. స్టిరాయిడ్ కొందఱిలో ఆ జల్లెడను, పొలములో తూము పూడినట్లు, పూడ్చును. సుమారు మూడింట ఒకవంతు జనులలో ఈ చుక్కలవలన ఒత్తిడి కొంతైన పెరుగును. నూటికి అయిదుగురిలో చాల ఎక్కువగా పెరుగును. సాధారణముగ రెండు మొదలు ఆఱు వారములలో ఇది బయటపడును. పిల్లలలో ఇంకను త్వరగా. నీటికాసులున్నవారు, వారి బిడ్డలు, తోబుట్టువులు, మధుమేహము గలవారు, హ్రస్వదృష్టి ఎక్కువగా గలవారు మఱింత జాగ్రత్తగా నుండవలెను. పెరిగిన ఒత్తిడి దృష్టినాడిని నెమ్మదిగా నలిపివేయును. నొప్పి ఉండదు. చూపు అంచులనుండి తఱుగుచు వచ్చును గనుక ఎదుటివస్తువు కనబడుచున్నంతకాలము రోగికి ఏమియు తెలియదు. పోయిన ఆ చూపును ఏ శస్త్రచికిత్సయు తిరిగి తేజాలదు. చాలకాలము వాడినవారిలో కంటికటకము వెనుకభాగమున శుక్లమును ఏర్పడును. అది శస్త్రచికిత్సతో బాగగును.

ఈ మందు పేర జరుగు నష్టములలో మా మనసును ఎక్కువగా బాధించునది పిల్లలది. అయిదేండ్లు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలకు, అందును మగపిల్లలకు ఎక్కువగా, ఒక అలర్జీ వచ్చును. దానికి పాశ్చాత్యులు వసంతఋతువు పేరు పెట్టి వెర్నల్ అనిరి గాని, మన ఉష్ణదేశమున ఎండకాలమున విజృంభించి కొందఱిలో ఏడాది పొడుగునను ఉండును. విడువని దురద, దారములవలె సాగు పుసి, వెలుతురు చూడలేకపోవుట దీని గుర్తులు. పైరెప్పను తిరగవేసి చూచిన గులకరాళ్లు పఱచినట్లుండును. పిల్లవాడు ఎంతసేపును కండ్లు నులుముకొనుచుండును. బడిలో పలకమీదికి చూడలేడు. తల్లికి అది చూడలేని బాధ. మొదట ఒక వైద్యుడు చూచి, పదిరోజులకని స్టిరాయిడ్ చుక్కలు వ్రాయును. మంత్రించినట్లు దురద పోవును. చుక్కలు ఆపగానే తిరిగి వచ్చును. ఈమాఱు వైద్యునివద్దకు పోవుటకు తీరిక ఉండదు. పాత సీసాను చూపిన మందులషాపులో అదే సీసా దొరకును, ధరయు కొంచెము. ఇట్లు వేసవి తరువాత వేసవి గడచును. ఈ అలర్జీ యౌవనము వచ్చుసరికి చాలమందిలో తానే తగ్గిపోవును. పిల్లవానికి పదునాఱేండ్లు వచ్చి దురద పోయిన తరువాత, కండ్లద్దములకొఱకు పరీక్ష చేయించబోగా ఒత్తిడి ఎంతో ఎక్కువగ నున్నట్లు, దృష్టినాడి అప్పటికే వెలవెలబోయినట్లు బయటపడును. తానే పోవలసిన రోగము పోయినది. దానికి వేసిన మందు చూపును పట్టుకొనిపోయినది.

దీనికి వేఱు దారి లేకపోలేదు. ఒలోపటాడిన్, క్రోమోగ్లైకేట్ వంటి అలర్జీ చుక్కలు నెలలతరబడి వాడుకొనవచ్చును. అవి మెల్లగా పనిచేయును; ఆ మెల్లదనమే వానికి చెడ్డపేరు తెచ్చుచున్నది. తీవ్రమైనవారికి సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ లేపనము వైద్యుని పర్యవేక్షణలో ఇత్తురు. స్టిరాయిడును మంట ఎక్కువైన కొలదిదినములకే పరిమితము చేయుదురు. చల్లనినీటి గుడ్డయు, ఎండలో టోపీయు, ముఖ్యముగ కండ్లు నులుమకుండుటయు మందులో సగము. అదేపనిగ నులిమినచో కార్నియా పలుచబడి శంకువువలె ముందుకు వచ్చుట కలదు.

వైద్యుడు వ్రాసి ఇచ్చిన పిమ్మట వేసికొనుటలోను పద్ధతి యున్నది. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ చుక్కలు కలక మందులు. అడుగున మడ్డి నిలుచును. ప్రతిమాఱు బాగుగ కుదిపి వేయనిచో మొదటి దినములలో నీరును, చివరి దినములలో మందంతయు పడును. చేతులు కడుగుకొని, తల వెనుకకు వాల్చి, క్రిందిరెప్పను లాగి ఆ దొప్పలో ఒక్క చుక్క వేయుడు. రెండవచుక్క చెక్కిలిమీదికి కారుటకే. సీసా మూతి రెప్పలకు తగులరాదు. పిమ్మట కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటిమూలను వ్రేలితో రెండు నిమిషములు ఒత్తిపట్టుడు. మందు గొంతులోనికి దిగిపోక కంటిలోనే నిలుచును. ఇంకొక చుక్క వేయవలసియున్న అయిదు నిమిషములు ఆగవలెను. చికిత్స నడచుచుండగ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకొనరాదు.

ఎఱుపు తగ్గినదని మధ్యలో మానరాదు, తగ్గలేదని పొడిగించరాదు. ఐరైటిస్ వంటి వాపులలో హఠాత్తుగ ఆపినచో రోగము తిరుగబడును. అందుచేతనే వైద్యులు దినమునకు నాలుగుమాఱులని మొదలుపెట్టి, మూడు, రెండు, ఒకటి అని దింపుచు వ్రాయుదురు. ఆ వరుస ఎవరికివారికి వేఱుగ నుండును గనుక చీటీని మందు ముగియువఱకు భద్రపఱచుడు. పది దినములు గాని అంతకు మించి గాని వాడునప్పుడు ఒత్తిడి కొలిపించుట అవసరము. అది కొలది క్షణముల పని, నొప్పి లేదు.

సీసామీది పేరు చదువుటలో ఒక చిక్కు కలదు. సూక్ష్మక్రిములను చంపు మందుతో స్టిరాయిడును కలిపి అమ్ముట మన దేశమున మామూలు. సిప్రోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, క్లోరాంఫెనికాల్ అని పెద్దయక్షరములలో చూచి ఇది వట్టి క్రిమిసంహారిణియే అనుకొందురు. పేరు చివర ‘డి’ అనియో ‘డిఎక్స్’ అనియో ఒక తోకయుండుట కలదు. డెక్సామెథసోన్ ఆ తోకలో నున్నదని గుర్తింపవలెను. ఇవి షెడ్యూల్ ‘హెచ్’లోని మందులు. అనగా రిజిస్టరైన వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని చట్టము; ఆ హెచ్చరిక అట్టపెట్టెమీదనే అచ్చువేసి యుండును. చట్టము అట్టమీద నున్నది, సీసా ఇంటిలో నున్నది.

నొప్పి హెచ్చినను, చూపు మసకబాఱినను, వెలుతురు ఓర్వలేకున్నను, నల్లగ్రుడ్డుమీద తెల్లమచ్చ కనబడినను ఏ చుక్కలు వేయుచున్నను ఆనాడే నేత్రవైద్యుని చూడవలెను. తెఱచిన సీసాను నెల దాటిన పిమ్మట పారవేయుడు. తాతగారిది మనుమనికి దాచవలదు. పారవేయుటకు ముందు దాని పేరు, ఎన్నాళ్లు వాడినది, ఏ కంటికి వాడినది ఒక కాగితముమీద వ్రాసి వైద్యపు చీటీలతో చేర్చి ఉంచుడు. ఒకమాఱు ఈ మందువలన ఒత్తిడి పెరిగినవారికి మరల వాడినప్పుడును పెరుగును గనుక, తరువాత చూచు వైద్యుడు మొట్టమొదట అడుగునది ఆ కాగితమునే.